బేరియాట్రిక్ శస్త్రచికిత్స అనంతరం కొలెస్ట్రాల్ నియంత్రణ: కృష్ణా డెల్టా ఆహారం - భాషాపరమైన అవగాహన

వ్యాససంగ్రహం:

బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో చాలామంది తాము సన్నబడ్డాం కాబట్టి రక్తంలోని కొలెస్ట్రాల్ కూడా తగ్గిపోయిందని భావిస్తారు. ఈ భావనకు ఒక మూలం తెలుగు వాడుకలోనే ఉంది. ఒంటికి పట్టినదీ, వంటలో వాడేదీ, రక్తంలో తిరిగేదీ మూడూ తెలుగులో ‘కొవ్వు’గానే వ్యవహరింపబడుతున్నాయి. ఈ మూడింటి మధ్య తేడాను వివరించి, శస్త్రచికిత్స అనంతర ఆహారనియమాలను కృష్ణా డెల్టా భోజనపద్ధతికి ఎలా అన్వయించుకోవచ్చో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘లంఖణం’, ‘పథ్యం’ అనే రెండు మాటల సంప్రదాయార్థాలు ఈ సందర్భంలో ఎక్కడ ఉపకరిస్తాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో కూడా ఇందులో పరిశీలించడమైంది.

కీలకపదాలు: కొవ్వు, కొలెస్ట్రాల్, బేరియాట్రిక్ శస్త్రచికిత్స, పథ్యం, లంఖణం, కృష్ణా డెల్టా, భోజనసంస్కృతి.

1. ఉపోద్ఘాతం:

విజయవాడలోని బెంజ్ సర్కిల్ 16వ, 65వ నంబరు జాతీయ రహదారులు కలిసే కూడలి. చుట్టుపక్కల ఆసుపత్రులు, పరీక్షాకేంద్రాలు ఎన్నో, టిఫిన్ సెంటర్లు, మిఠాయి దుకాణాలు కూడా అన్నే. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ, నూజివీడు ప్రాంతాలవారికి పెద్ద వైద్యమంటే విజయవాడే. శస్త్రచికిత్స నగరంలో జరుగుతుంది. ఆ తరువాతి జీవితకాలపు ఆహారం మాత్రం ఇంటి వంటగదిలో, బంధువుల పెళ్ళి విందులో, పండుగ పూట కంచంలో నిర్ణయమవుతుంది. ఆసుపత్రి ఇచ్చే ఆహారపట్టిక ఆంగ్ల వైద్యపరిభాషలో ఉంటే, దానిని ఇంటివారు తమకు తెలిసిన మాటల్లోకి మార్చుకుంటారు. ఆ మార్పులో అర్థం ఎక్కడ జారిపోతోందన్నది ఆరోగ్యానికే కాక, భాషకు కూడా సంబంధించిన ప్రశ్న.

స్థూలకాయం అరుదైన సమస్య కాదు. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలోని వయోజనుల్లో 28.6 శాతం మందిలో స్థూలకాయం, 39.5 శాతం మందిలో పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం కనిపించాయి. రక్తంలోని కొవ్వుపదార్థాల్లో ఏదో ఒక తేడా ఉన్నవారు 81.2 శాతం. స్థూలకాయుల కంటే కొవ్వుపదార్థాల తేడా ఉన్నవారి సంఖ్య ఎంతో ఎక్కువ. అంటే సన్నగా కనిపించేవారిలోనూ ఈ సమస్య విస్తృతంగా ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి.

2. ‘కొవ్వు’ - ఒక పదం, మూడు పదార్థాలు:

‘వాడికి కొవ్వెక్కింది’ అన్నప్పుడు కొవ్వు అహంకారం. ‘మాంసంలో కొవ్వు ఎక్కువ’ అన్నప్పుడు ఆహారద్రవ్యం. ‘రక్తంలో కొవ్వు పెరిగింది’ అన్నప్పుడు కొలెస్ట్రాల్. ‘ఒంట్లో కొవ్వు కరిగింది’ అన్నప్పుడు శరీరంలో నిల్వ ఉన్న మేదస్సు. అలంకారార్థాన్ని పక్కన పెడితే మిగిలిన మూడింటిని ఈ వ్యాసంలో వరుసగా వంట కొవ్వు, రక్తపు కొలెస్ట్రాల్, ఒంటి కొవ్వు అని విడదీసి వ్యవహరించడం జరుగుతుంది.

ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవే గానీ ఒకటే కావు. ఒంటి కొవ్వు శక్తినిల్వ. వంట కొవ్వు ఆహారం ద్వారా లోపలికి వచ్చేది. కొలెస్ట్రాల్ శక్తినిచ్చే పదార్థమే కాదు. కణాల పొరలకు, కొన్ని హార్మోన్లకు, పైత్యరసానికి అవసరమైన ముడిసరుకు. అందులో అధికభాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. ‘కొలెస్ట్రాల్’ అనే మాటకు గ్రీకు మూలార్థం ‘గట్టిపడిన పైత్యం’. దీనిని మొదట గుర్తించింది పిత్తాశయపు రాళ్ళలో కావడమే ఆ పేరుకు కారణం. 1815లో ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త షెవ్రూల్ ఈ పేరు పెట్టాడు. శస్త్రచికిత్స అనంతర సమస్యల్లో ఈ పేరులోని పైత్యసంబంధం మళ్ళీ ఎదురవుతుంది.

ఒంటి కొవ్వును తీసివేస్తే రక్తం దానంతటదే మెరుగుపడుతుందా అన్న ప్రశ్నకు 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం సూటిగా జవాబిచ్చింది. అందులో స్థూలకాయులైన 15 మంది స్త్రీలకు లైపోసక్షన్ పద్ధతిలో పొట్టమీది చర్మం కింది కొవ్వును పెద్ద మొత్తంలో తొలగించారు. అయినా వారాల తరువాత చేసిన పరీక్షల్లో గుండెజబ్బుకు దారితీసే సూచికల్లో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. ఆకారం మారింది, రక్తం మారలేదు. జీర్ణకోశంపై చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్స దీనికి పూర్తిగా భిన్నమైనది. అయినా ‘కొవ్వు తీసేశారు’ అని రెండింటినీ ఒకే మాటతో చెప్పుకోవడం వాడుకలో ఉంది.

పత్రికల్లో కనిపించే ‘మంచి కొవ్వు’, ‘చెడు కొవ్వు’ అనే మాటలు మరో చిక్కు. రక్తపరీక్షను వివరించేటప్పుడు మంచి కొవ్వు అంటే హెచ్.డి.ఎల్., చెడు కొవ్వు అంటే ఎల్.డి.ఎల్. ఆహారాన్ని వివరించేటప్పుడు మంచి కొవ్వులంటే గింజలు, చేపలు, అసంతృప్త నూనెలు. ఒకే పదబంధం రెండు చోట్లా ఉండటంతో ‘నెయ్యి మంచి కొవ్వు’ అని విన్నవారు అది రక్తంలోని చెడ్డదాన్ని తగ్గిస్తుందని అన్వయించుకునే ప్రమాదం ఉంది. నెయ్యిలోని సంతృప్త కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచేదే.

3. శస్త్రచికిత్స చేసేదేమిటి? చేయనిదేమిటి?

నేడు ఎక్కువగా చేస్తున్న పద్ధతులు రెండు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో 75 నుండి 80 శాతం వరకు తొలగించి, మిగిలిన భాగాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. రెండవది గ్యాస్ట్రిక్ బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆహారం జీర్ణాశయపు మిగిలిన భాగాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని దాటి వెళుతుంది.

రెండు పద్ధతుల్లోనూ బరువుతోపాటు ట్రైగ్లిజరైడ్లు తగ్గి, హెచ్.డి.ఎల్. క్రమంగా పెరగడం సాధారణం. ఎల్.డి.ఎల్. విషయంలో మాత్రం తేడా ఉంది. బైపాస్ తరువాత అది గణనీయంగా తగ్గుతుంది. పేగులో కొలెస్ట్రాల్ శోషణ తగ్గడం ఇందుకు ఒక కారణం. స్లీవ్ తరువాత ఎల్.డి.ఎల్.లో మార్పు స్వల్పం. గుండె రక్తనాళాలను పూడ్చడంలో ప్రధానపాత్ర ఎల్.డి.ఎల్.దే కాబట్టి ఈ తేడా ముఖ్యమైనది. ముప్పై కిలోలు తగ్గి, ట్రైగ్లిజరైడ్లు అదుపులోకి వచ్చిన వ్యక్తికి కూడా ఎల్.డి.ఎల్. పాతస్థాయిలోనే మిగిలి ఉండవచ్చు. అద్దం ఈ సంగతి చెప్పదు. రక్తపరీక్షే చెప్పాలి.

పేగుకూ కొలెస్ట్రాల్‌కూ గల ఈ సంబంధం కొత్తది కాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ బుక్వాల్డ్ 1960వ దశకంలోనే చిన్నపేగు చివరి భాగాన్ని ఆహారమార్గం నుండి తప్పించే శస్త్రచికిత్సను కొలెస్ట్రాల్ తగ్గించడం కోసమే చేపట్టాడు. గుండెపోటు నుండి బయటపడిన 838 మందిపై జరిగి 1990లో ప్రచురితమైన ‘పోష్’ పరిశోధనలో, ఈ శస్త్రచికిత్స పొందినవారి ఎల్.డి.ఎల్. ఇతరుల కంటే 38 శాతం తక్కువగా నమోదైంది. దాని లక్ష్యం బరువు కాదు. బరువు, కొలెస్ట్రాల్ వేర్వేరు దారుల్లో నడుస్తాయనడానికి ఇదొక చారిత్రక నిదర్శనం.

ఆ దారి ఏమిటో పైత్యరసం వివరిస్తుంది. కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్య ఆమ్లాలను తయారుచేసి పేగులోకి పంపుతుంది. పని ముగిశాక వాటిలో అధికభాగాన్ని చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చుకుని కాలేయానికి చేరుస్తుంది. ఈ తిరుగు ప్రయాణాన్ని అడ్డుకుంటే కాలేయం కొత్త పైత్య ఆమ్లాల కోసం రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లోపలికి తీసుకోవలసి వస్తుంది. ఎల్.డి.ఎల్.ను కణాలు స్వీకరించే ఈ యంత్రాంగాన్ని కనుగొన్నందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. బుక్వాల్డ్ కత్తితో చేసిన పనిని ఓట్లు, పప్పుధాన్యాలు, బెండకాయ వంటి వాటిలోని జిగురు పీచు చిన్న ప్రమాణంలో చేస్తుంది. అది పైత్య ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది.

4. దశలవారీ ఆహారం:

శస్త్రచికిత్స తరువాత మొదట పలుచని ద్రవాలు, తరువాత చిక్కని ద్రవాలు, ఆపై మెత్తగా చేసిన ఆహారం, చివరకు ఘనాహారం ఇస్తారు. మామూలు ఆహారానికి చేరడానికి సుమారు ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. కాలవ్యవధిని చికిత్స చేసిన బృందమే నిర్ణయిస్తుంది. అన్ని దశల్లోనూ సాధారణసూత్రాలు మూడు. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ముద్దను బాగా నమిలి నెమ్మదిగా తినాలి. భోజనంతోపాటు, ఆ తరువాత అరగంట వరకు ద్రవాలు తాగకూడదు.

ఇక్కడే ఒక వైరుధ్యం ఎదురవుతుంది. కొలెస్ట్రాల్ తగ్గాలంటే పీచు ఎక్కువ తినాలన్నది అందరికీ తెలిసిన సలహా. చిన్నదైన జీర్ణాశయంలో పీచుకు ఎక్కువ చోటిస్తే మాంసకృత్తులకు చోటుండదు. సరిగా నమలని నారపదార్థం ఉండకట్టి అడ్డుపడే ప్రమాదమూ ఉంది. ములక్కాడ, గోంగూర కాడ, పనస వంటివాటి విషయంలో తొలినెలల్లో జాగ్రత్త అవసరం. ఇసబ్‌గోల్ వంటివాటిని తగినంత నీరు తాగలేని దశలో సొంతంగా మొదలుపెట్టడం మంచిది కాదు. కాబట్టి మాంసకృత్తులు, జిగురు పీచు రెండూ ఒకే ముద్దలో దొరికే పదార్థాలే ఈ దశలో విలువైనవి. తెలుగు వంటగదిలో వాటికి కొరత లేదు.

5. డెల్టా కంచం:

5.1 అన్నం: 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో సిద్ధమైన ప్రకాశం బ్యారేజి కృష్ణా డెల్టాను వరిసీమగా నిలిపాయి. బాపట్ల పరిశోధనాకేంద్రం నుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204 సన్నబియ్యం ఈ ప్రాంతపు రుచిగా స్థిరపడింది. ‘అన్నం తిన్నారా?’ అంటే ‘భోజనం చేశారా?’ అనే అర్థం. పప్పు, కూర, పులుసు, పచ్చడి అన్నీ అన్నంలో కలిసేవే. విడిగా తినే పదార్థాలు కావు. ‘మాంసకృత్తులు ముందు’ అనే నియమం ఈ భోజనక్రమాన్నే తలకిందులు చేయమంటుంది. పప్పును గిన్నెలో విడిగా తిని, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం తినడం ఇక్కడివారికి అలవాటు లేని పని. అయినా అవసరమైన పని. పాలిష్ పట్టిన బియ్యం, తీపి అధికమైతే కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. నూనె లేకపోయినా ఈ మార్పు ఆగదు.

5.2 నెయ్యి, నూనెలు: శస్త్రచికిత్స తరువాత ఒక వ్యక్తి రోజుకు 1200 కేలరీలు తీసుకుంటున్నాడనుకుందాం. సంతృప్త కొవ్వు మొత్తం శక్తిలో పది శాతానికి మించరాదన్న ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన ప్రకారం అతనికి అనుమతించదగినది సుమారు 13 గ్రాములు. ఒక టేబుల్ స్పూను నెయ్యిలోనే 8 నుండి 9 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. అదే కొలత కొబ్బరినూనెలో సుమారు 12 గ్రాములు. నువ్వులనూనెలో సుమారు 2 గ్రాములే. ముద్దపప్పులో ధారగా పోసే నెయ్యికి, కొలిచి వేసిన చెంచాడు నెయ్యికి తేడా ఇక్కడ తెలుస్తుంది. బందరు లడ్డూ, సున్నుండ వంటివి నెయ్యిని, తీపిని కలిపి తెస్తాయి. బైపాస్ చేయించుకున్నవారికి తీపి వేగంగా పేగులోకి జారి గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం కలిగించవచ్చు.

వేరుశనగనూనెలో ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న ప్రకటన నిజమే. ఏ మొక్క నుండి తీసిన నూనెలోనూ లెక్కించదగిన కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిల్‌లోనూ ఉండదు. అయినా పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. సీసా మీద చూడవలసినది కొలెస్ట్రాల్ అంకెను కాదు, సంతృప్త కొవ్వు అంకెను.

5.3 గుడ్డు, చేప, రొయ్య: గుడ్డుసొనలో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. రొయ్యల్లోనూ కొలెస్ట్రాల్ ఎక్కువే. అయితే రొయ్యల్లో సంతృప్త కొవ్వు అత్యల్పం. తిన్న కొలెస్ట్రాల్ కంటే తిన్న సంతృప్త కొవ్వే రక్తంలోని ఎల్.డి.ఎల్.ను ఎక్కువగా ప్రభావితం చేస్తుంది. అందువల్ల చెరువులసీమ అయిన డెల్టాలో శీలావతి, బొచ్చె, కొర్రమీను వంటి చేపలు శస్త్రచికిత్స అనంతరం మేలైన ఆహారం. మెత్తగా ఉంటాయి, వంద గ్రాములకు సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఇస్తాయి. వేపుడు కంటే పులుసు, ఆవిరిపై ఉడికించడం మంచివి. ఉడికించిన గుడ్డు మితంగా తీసుకోవచ్చు. ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నవారు సొనలు ఎన్నన్నది వైద్యుల సలహాతో నిర్ణయించుకోవాలి.

5.4 పప్పు, ఉలవలు, మజ్జిగ: నూనె తగ్గించి కాల్చిన పెసరట్టు, పలుచని పెసరకట్టు, ఆవిరికుడుము దశలవారీగా సరిపడే వంటకాలు. ఉలవచారు విషయంలో ఒక సూక్ష్మం ఉంది. ఉలవలను ఉడికించి నీటిని వంపి చారు కాస్తారు. ఉడికిన ఉలవలను పూర్వం పశువులకు పెట్టేవారు. మాంసకృత్తుల్లోనూ పీచులోనూ అధికభాగం ఆ గింజలోనే మిగిలిపోతుంది. విందుల్లో ఉలవచారుపై వెన్న, మీగడ వేయడం పరిపాటి. అంటే ఎల్.డి.ఎల్.ను తగ్గించే భాగం కంచానికి రాకుండా, పెంచే భాగం అదనంగా చేరుతోంది. ఘనాహార దశలో ఉలవగుగ్గిళ్ళను బాగా నమిలి తినడం, చారులో మీగడ మానడం ఈ లెక్కను సరిచేస్తుంది. వెన్న తీసిన మజ్జిగ మంచిదే. కానీ భోజనం చివర కాక, రెండు భోజనాల నడుమ తాగాలి.

6. రెండు కొసలు - లంఖణం:

ఆహారనియమాల చర్చలో విజయవాడ పరిసరాలది ప్రత్యేకస్థానం. ఉప్పు, నూనె లేని వంటను ప్రచారం చేసిన మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి చికిత్సా కేంద్రం ఇక్కడే కృష్ణాతీరాన ఉంది. పిండిపదార్థాలను బాగా తగ్గించి కొబ్బరినూనె, నెయ్యి వంటి కొవ్వులను పెంచే పద్ధతిని ప్రచారం చేసిన వీరమాచనేని రామకృష్ణ కూడా విజయవాడవారే. ప్రసంగాలు, పుస్తకాలు, టెలివిజన్, యూట్యూబ్ ద్వారా ఈ రెండు విధానాలూ ఇంటింటి మాటలయ్యాయి. ఆహారాన్ని గురించి తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడటం ఈ ఇద్దరి ప్రచారాల్లోని బలం.

అయితే జీర్ణాశయాన్ని కత్తిరించిన శరీరానికి ఈ రెండు కొసల్లో దేనినీ యథాతథంగా అన్వయించడం తగదు. వేగంగా బరువు తగ్గే నెలల్లో ఒంటి కొవ్వులో నిల్వ ఉన్న కొలెస్ట్రాల్ విడుదలై పైత్యరసంలో అధికమవుతుంది. వంట కొవ్వు బొత్తిగా లేకపోతే పిత్తాశయం తగినంతగా ముడుచుకోదు. నిల్వ ఉన్న పైత్యంలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. అందుకే కొందరికి మొదటి ఆరు నెలలు రాళ్ళను నివారించే మందు ఇస్తారు. ఎ, డి, ఇ, కె విటమిన్ల శోషణకు కూడా కొంత కొవ్వు అవసరం. రెండవ కొసన, సంతృప్త కొవ్వును పెంచితే స్లీవ్ తరువాత తగ్గకుండా మిగిలిన ఎల్.డి.ఎల్. మరింత పెరగవచ్చు.

‘లంఖణం పరమౌషధం’ అన్న నానుడి కూడా ఇక్కడ వర్తించదు. కొంచెమే తినగలిగే వ్యక్తి ఉపవాసం ఉంటే తగ్గేది కొవ్వు మాత్రమే కాదు, కండ కూడా. థయామిన్, బి12, ఇనుము లోపాలు వేగంగా ముంచుకొస్తాయి. ఏకాదశి, కార్తిక సోమవారాల వంటి ఉపవాసాలను పాటించదలచినవారు ముందుగా వైద్యులతో మాట్లాడటం అవసరం.

7. పథ్యానికి గడువు లేదు:

తెలుగువారి వాడుకలో పథ్యం మందుతో ముడిపడినది. మందు ఉన్నన్నాళ్ళు పథ్యం. జ్వరపథ్యమైనా, బాలింత పథ్యమైనా గడువు తీరితే ముగుస్తుంది. శస్త్రచికిత్స అనంతర ఆహారనియమాన్ని ఇంట్లోవారు ఈ అర్థంలోనే గ్రహిస్తారు. ఆరు నెలలు గడిచాక ‘ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ పథ్యం, ఒక్క ముద్ద నెయ్యి వేసుకో’ అనే ఆప్యాయతలో తప్పుపట్టవలసిందేమీ లేదు. ఆ మాటకున్న పాత అర్థమే అలా పలికిస్తుంది. కానీ ఈ పథ్యం జీవితకాలానిది. విటమిన్లు కూడా అంతే.

మందుల విషయంలో పొరపాటు దీనికి తలకిందులుగా జరుగుతుంది. సన్నబడగానే కొలెస్ట్రాల్ మాత్రను రోగి సొంతంగా ఆపివేస్తాడు. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇందుకు విరుద్ధంగా, ఆపవలసిన అవసరం పరీక్షల్లో స్పష్టంగా తేలితే తప్ప స్టాటిన్ వంటి మందులను నిలపరాదనీ, కొవ్వుపదార్థాల పరీక్షను నిర్ణీతకాలానికొకసారి చేయాలనీ చెబుతున్నాయి. బరువు వేగంగా తగ్గే నెలల్లో అంకెలు నిలకడగా ఉండవు కాబట్టి ఒక్క పరీక్షతో తీర్మానించకూడదు. వంశపారంపర్యంగా ఎల్.డి.ఎల్. బాగా ఎక్కువగా ఉన్నవారికి ఆహారం, బరువు తగ్గడం రెండూ కలిసినా చాలవు. మందు కొనసాగవలసిందే.

8. ఉపసంహారం:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఒంటి కొవ్వు తగ్గడం, రక్తపు కొలెస్ట్రాల్ తగ్గడం రెండు వేర్వేరు ఫలితాలు. ప్రత్యేకించి స్లీవ్ పద్ధతిలో ఎల్.డి.ఎల్. మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

2. నియంత్రించవలసినది వంట కొవ్వు మొత్తాన్ని కాదు, అందులోని సంతృప్త భాగాన్ని. నూనె పూర్తిగా మానడం, నెయ్యి విరివిగా వాడటం రెండూ శస్త్రచికిత్స అనంతరం తగినవి కావు.

3. పప్పుధాన్యాలు, చేపలు, వెన్న తీసిన మజ్జిగ వంటి డెల్టా ఆహారాలే మాంసకృత్తుల అవసరాన్ని, కొలెస్ట్రాల్ నియంత్రణను కలిపి తీర్చగలవు. మారవలసినది పదార్థాలకంటే వాటి క్రమం, కొలత.

4. రోగులకిచ్చే తెలుగు పత్రాల్లో ‘కొవ్వు’ అనే ఒక్క మాటతో సరిపెట్టక ఒంటి కొవ్వు, వంట కొవ్వు, కొలెస్ట్రాల్ అని విడదీసి రాయడం అవసరం. అదేవిధంగా ‘పథ్యం’ అన్నచోట దానికి గడువు లేదన్న సంగతిని స్పష్టంగా చెప్పాలి.

బెంజ్ సర్కిల్ ఆసుపత్రి నుండి బందరు రోడ్డు మీదుగా ఇంటికి చేరే రోగి చేతిలోని కాగితం, ఆ ఇంట్లో వడ్డించేవారికి అర్థమయ్యే తెలుగులో ఉన్నప్పుడే వైద్యం పూర్తవుతుంది. ఆ తెలుగును సమకూర్చడంలో వైద్యులతోపాటు తెలుగు అధ్యాపకులకు, పరిశోధకులకు కూడా బాధ్యత ఉంది.